రెండు వాషర్లు

కారు ఊరు దాటి పది కిలోమీటర్లు పోయిందో లేదో, ఏసీ మనసు మార్చుకుంది. ముందు గోరువెచ్చగా, తరవాత వెచ్చగా, ఇంకో మైలురాయి దాటేసరికి ఎసరు మీద మూత తీసినప్పుడు ముఖానికి కొట్టే ఆవిరిలా వచ్చింది గాలి. లెక్కల మాస్టారు బటన్ ఆపి, మళ్ళీ నొక్కి, ఇంకోసారి ఆపి, ఇంకోసారి నొక్కారు. లెక్క తప్పితే మొదటి మెట్టు నుంచి మళ్ళీ చెయ్యమని ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న మనిషి ఆయన. ఈ లెక్కకు మొదటి మెట్టు ఎక్కడుందో మాత్రం అంతు చిక్కలేదు.

వెనక సీట్లోంచి అత్తగారు కిటికీ అద్దంతో అంది: "చూశావా, మనల్ని ఉడకబెట్టి దింపుతారట."

మాస్టారు స్టీరింగ్‌తో అన్నారు: "వెనక్కి తిప్పక తప్పదు. ఈ ఎండలో నాలుగు గంటలు ఇలా ప్రయాణం చేస్తే డాక్టరు ఊరుకోడు."

"డాక్టరుకు ఉన్నపాటి మాట కూడా లేదు కొందరికి," అంది ఆవిడ అద్దంతో. ఆ ముక్కకు అర్థమేమిటో అద్దానికి తెలిసి ఉండదు, మాస్టారికీ తెలియలేదు.

వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకోరు. పగ లేదు, పట్టింపూ లేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఏదో అడిగితే, సిగ్గరి అల్లుడు నేలచూపులు చూస్తూ జవాబు భార్యకు చెప్పాడు. ఆవిడ దానికి బదులు కూతురికే చెప్పింది. ఆ దారి అలా పడిపోయింది. రెండో ఏడు మామగారు పోవడంతో ఆవిడ వీళ్ళింటికే వచ్చేసింది. అప్పటినుంచి ఇరవై ఏడేళ్ళు ఒకే కప్పు కింద, ఒకే టీవీ ముందు కూర్చుని, మాటలన్నీ మధ్యనున్న మనిషి చేతుల మీదుగా నడిపించారు. "మీ అమ్మను మందు వేసుకోమను" అని ఇటు నుంచి. "మీ ఆయన్ని గొడుగు తీసుకెళ్ళమను" అని అటు నుంచి. మధ్యనున్న మనిషికి అది బరువుగా తోచలేదు, సరదాగానే ఉండేది.

ఆమె పోయి అయిదు నెలలు.

ఆ అయిదు నెలల్లో ఇంట్లో మాటలు కాళ్ళు లేక నిలబడిపోయాయి. ఆవిడ కుక్కర్‌తో మాట్లాడేది, ఆయన పేపరుతో మాట్లాడేవారు. పొద్దున్నే ఆయన పాలు తెచ్చేవారు, ఆవిడా తెప్పించేది. తెచ్చామని ఒకరికొకరు చెప్పుకోరు కనుక పక్కింటి పిల్లి మాత్రం గుమ్మడికాయలా తయారైంది. ఆఖరికి మూడు రోజుల కిందట ఆవిడ చిన్న కూతురికి ఫోన్ చేసి, గోడ అవతలికి వినపడేట్టు చెప్పింది: "ఆదివారం వచ్చేస్తున్నానే. ఇక అక్కడే ఉంటాను. దింపమని మీ బావగారికి నువ్వే చెప్పు."

మరదలు ఫోన్ చేసి చెప్పింది. మాస్టారు "సరేనమ్మా" అన్నారు. ఆ మాట అన్న క్షణం నుంచీ ఆయన మనసులో ఒక వాక్యాన్ని బోర్డు మీద రాస్తూ తుడుస్తూ ఉన్నారు. 'ఉండిపోండి అత్తయ్యగారూ.' రెండే రెండు మాటలు. సున్నాలూ, భాగహారాలూ లేవు. అయినా నోటిదాకా వచ్చి నిలబడిపోయేది. పెట్టెలు డిక్కీలోకి ఎక్కించేటప్పుడు ఒకసారి నోరు తెరిచారు కూడా. "తాళం?" అని బయటికి వచ్చింది.

అందుకే ఏసీ వేడిగాలి కొట్టినప్పుడు ఆయనకు లోపల ఎక్కడో చిటికెడు సంతోషం కలిగింది. వెంటనే సిగ్గేసింది. ఎనభై దగ్గర పడ్డ మనిషి వెనక చెమటలు కక్కుతోంది.

*

కారు ఏసీలకు ఊళ్ళో పేరున్న షెడ్డు ఒకటే. దాన్ని అన్నదమ్ములిద్దరు నడుపుతారు. అన్న వైర్లూ బ్యాటరీలూ చూస్తాడు, ఊరంతా 'కరెంటు' అంటారు. తమ్ముడు పైపులూ గ్యాసూ చూస్తాడు, 'గ్యాసు' అంటారు. ఇద్దరూ మాస్టారి దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాళ్ళే. అన్న ఒకసారి, తమ్ముడు రెండుసార్లు.

మూడేళ్ళ కిందట షెడ్డులో పదో నంబరు స్పానరు ఒకటి కనిపించకుండా పోయింది. నువ్వు తీశావంటే నువ్వు తీశావనుకున్నారు. ఆ స్పానరు దొరకలేదు, మాటలూ దొరకలేదు. ఒకే కప్పు, ఒకే షట్టరు, నేల మీద మధ్యలో పసుపు రంగు గీత. గీతకు ఎడమ పక్క వైర్ల చుట్టలు, బల్బులు, మీటర్లు. కుడిపక్క గ్యాసు సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, గుండ్రటి గేజీలు. వచ్చిన బండిని ఒక సగంలోంచి ఇంకో సగంలోకి నెట్టుకుంటారు. చెప్పవలసిన మాటలు బండి తెచ్చినవాడే మొయ్యాలి. ఒకడి నోట్లోంచి నేరుగా వచ్చిన మాటను ఇంకొకడు విననట్టే ఉంటాడు. మధ్యవర్తి నోట్లోంచి వస్తేనే విన్నట్టు లెక్క. గీతకు అటూ ఇటూ మనుషుల దూరం నాలుగడుగులు.

మాస్టారు కారు ఎడమ సగంలో ఆపారు. బానెట్ ఎత్తి, సంగతి చెప్పారు. అత్తగారు వెనక సీటు దిగలేదు. తలుపు బార్లా తెరిపించి, చేతిసంచిలోంచి విసనకర్రలా మడిచిన క్యాలెండరు కాగితం తీసి విసురుకుంటూ కూర్చుంది.

కరెంటు ఇంజన్ స్టార్ట్ చేయించి ఏసీ బటన్ నొక్కించాడు. ఇంజన్ ముందు భాగంలో 'టక్'మని ఒక చప్పుడు. గాలి మంచులా వచ్చింది.

"చల్లగానే ఉంది కద మాస్టారూ!"

"ఇందాక లేదు."

"డాక్టరు ముఖం చూస్తే జ్వరం పారిపోయినట్టుంది." వాడు మీటరు పెట్టి రెండు మూడు చోట్ల చూశాడు. "పన్నెండు వోల్టులు పూర్తిగా వస్తోంది. నా వైపు వేలెత్తి చూపడానికి లేదు. ఇదిగో, ఆ సన్నాసితో చెప్పండి. వాడి బుర్రలోంచి కారిపోయినట్టే పైపులోంచి గ్యాసు కూడా కారిపోయుంటుంది, చూసుకోమనండి."

సన్నాసి నాలుగడుగుల దూరంలో నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు.

మాస్టారు గీత దాటారు. గొంతు సవరించుకున్నారు. "మీ అన్నయ్య ఏమంటున్నాడంటే, కరెంటు వైపు లోపమేమీ కనిపించలేదట. గ్యాసు సంగతి నీ అనుభవంతో ఒకసారి చూస్తే బాగుంటుందట."

"అనలేదు!" అంది అత్తగారు కారులోంచి.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. గ్యాసు నవ్వాపుకుని, "నెట్టండి మాస్టారూ," అన్నాడు.

కారును, అందులోని అత్తగారితో సహా, కుడి సగంలోకి నెట్టారు. గ్యాసు తన గొట్టాలు బిగించాడు. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. గేజీల ముళ్ళు లేచి నిలబడ్డాయి. వాడు వాటిని పుస్తకం చదివినట్టు చదివి, పైపుల అతుకుల మీద సబ్బునురగ రాసి, ఒక్క బుడగైనా లేస్తుందేమోనని పావుగంట ముక్కు ఆనించి చూశాడు. ఈలోగా ఇంజన్ ఆపి ఉండటంతో అది హాయిగా చల్లబడింది. మళ్ళీ స్టార్ట్ చేసేసరికి, 'టక్', చల్లగాలి.

"గ్యాసు నిండుగా ఉంది. ఒక్క చుక్క లీకు లేదు. మాస్టారూ, ఆ మేధావితో చెప్పండి. మీటరు తలకిందులుగా పట్టుకుంటే అన్నీ పన్నెండులానే కనిపిస్తాయని. వైరు ఎక్కడో తెగి ఊగుతోంది, కళ్ళద్దాలు తుడుచుకుని చూసుకోమనండి."

మాస్టారు గీత దాటారు. "గ్యాసు సరిగ్గా ఉందట. ఎక్కడైనా వైరు వదులై ఉండవచ్చేమోనని మీ తమ్ముడి అనుమానం. నీ చూపు చురుకైంది కనుక..."

"కళ్ళద్దాలు తుడుచుకోమన్నాడు!" అంది అత్తగారు.

కరెంటు గంభీరంగా తల ఊపాడు. "విన్నాను బామ్మగారూ. మాస్టారు చెప్పింది బాగుంది. అదే తీసుకుంటాను."

"అదేంట్రా? వాడు తిట్టింది నీకు వినపడిందా?"

"నాలుగడుగులే కదండీ. చెవుడేమన్నా ఉందా నాకు?"

"మరి?"

"మరేముంది బామ్మగారూ. రెండు మాటలు వచ్చాయి. ఒకటి తిట్టు, ఒకటి మర్యాద. ఏది ఉంచుకోవాలో నా ఇష్టం కదా."

అత్తగారి చేతిలో క్యాలెండరు కాగితం ఆగిపోయింది. కారు ఇంకోసారి ఎడమకు, మళ్ళీ కుడికి వెళ్ళివచ్చింది. ప్రతిసారీ గీత మీద చక్రం ఎక్కినప్పుడల్లా ఆవిడ తల ఒకసారి ఊగేది, అంతే. మాస్టారు అన్నదమ్ముల మధ్య మద్దెలలా రెండు వైపులా మోగుతూ తిరిగారు. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. పన్నెండు దాటింది.

నాలుగోసారి నెట్టబోతుంటే ఆయన ఆగి, "ఉండండి," అన్నారు. క్లాసులో అల్లరి ఆపేటప్పుడు వాడే గొంతు అది. ఇద్దరూ ఎనిమిదో తరగతి పిల్లల్లా నిలబడిపోయారు.

"రోడ్డు మీద ఇరవై నిమిషాలు బాగా నడిచి, అప్పుడు ఆగింది. ఇక్కడ మీరు అయిదు నిమిషాలకోసారి ఇంజన్ ఆపేస్తున్నారు. చల్లటి ఇంజన్ మీద పరీక్ష పెడితే వేడి ఇంజన్ జబ్బు ఎలా కనిపిస్తుంది? బండి కదలకూడదు. ఇంజన్ ఆగకూడదు. ఇద్దరూ బానెట్ దగ్గరే ఉండండి. చల్లగాలి ఆగిన క్షణాన ఎవరికి ఏం కనిపించిందో చెప్పండి."

"ఏ సగంలో పెట్టాలి మాస్టారూ?" అన్నాడు కరెంటు.

"గీత మీద."

కారును గీత మీద పెట్టారు. ఎడమ హెడ్‌లైటు అన్న వైపు, కుడి హెడ్‌లైటు తమ్ముడి వైపు. వైరుకు మీటరు తగిలించి అన్న ఒక పక్క వంగాడు. టార్చిలైటుతో తమ్ముడు ఇంకో పక్క వంగాడు. ఇంజన్ వేగం నిలకడగా ఉంచడానికి మాస్టారు డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపులు మూసి, ఏసీ పెట్టారు. ఎదురుగా బానెట్ రేకు తెరలా లేచి ఉంది. మనుషులెవరూ కనిపించడం లేదు. మూసిన కారులో ఇద్దరే మిగిలారు.

చల్లగా ఉంది. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది.

"మీకూ వినపడేవా?" అంది వెనకనుంచి ఆవిడ.

కిటికీకి చెప్పినట్టు లేదు. మాస్టారు అద్దంలో చూశారు. ఆవిడ కూడా ఆ అద్దంలోకే చూస్తోంది.

"ఏవండీ?"

"నేను మా పెద్దదానితో అన్న మాటలు. అది మీకు చేరవెయ్యకముందే."

ఆయన మెత్తగా చెప్పడానికి ఏదైనా దారి ఉందేమోనని వెతికారు. దొరకలేదు. "వినపడేవి. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. అదీ సన్నటిది."

"ఇరవై ఏడేళ్ళూ?"

"మీరు కాస్త గట్టిగానే మాట్లాడతారండీ."

"'ఈ మనిషికి లెక్కలు తప్ప లోకం తెలియదు, మట్టిబుర్ర' అన్నాను ఒకసారి. ఇంటికి రంగులు వేయించినప్పుడు."

"'అమ్మ మీ చదువును మెచ్చుకుంటోంది' అని వచ్చింది నాకు."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో, మరొకటో మాస్టారికి అద్దంలో తెలియలేదు. కొంగు తీశాక నవ్వేనని తెలిసింది.

"నాకూ వినపడేవి," అంది. "'మీ అమ్మ గురకకు పైకప్పు లేచిపోతుందేమో, మేస్త్రీని పిలవనా' అన్నారు మీరు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "అది... ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దుతూ..."

"పొద్దున్నే లేచాక అది నా దగ్గరికొచ్చి, 'అమ్మా, నీకు రాత్రి నిద్ర పట్టిందా అని ఆయన అడుగుతున్నారు' అంది. నేను 'పట్టిందని చెప్పు' అన్నాను. దాని ముఖం చూసి ఏమనబుద్ధి కాలేదు. ఎంత ముచ్చటగా అబద్ధమాడేదో."

"అబద్ధం కాదులెండి," అన్నారు మాస్టారు. ఆయన స్టీరింగ్ మీది దుమ్మును బొటనవేలితో తుడిచారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు.

"అది పోయాక," అంది ఆవిడ, "ఆ ఇంట్లో నేను అన్న మాట అన్నట్టే ఉండిపోతోంది. ఎవరూ తీసుకెళ్ళరు. కుక్కర్ ఎంతకని మోస్తుంది? మీకు నేను అడ్డమేమో, చెప్పడానికి మొహమాటపడుతున్నారేమో అనుకున్నాను. దింపమని చెప్పించాను. మీరు వెంటనే సరేనన్నారు."

"అది కాదండీ. అత్తయ్యగారూ, అసలు నేను..."

'టక్.'

గాలి వెచ్చబడింది.

బానెట్ వెనకనుంచి రెండు గొంతులు ఒక్కసారి లేచాయి.

"కరెంటు ఉంది మాస్టారూ! పన్నెండు వోల్టులు! తగ్గలేదు!"

"ప్లేటు వదిలేసింది మాస్టారూ! కంప్రెసర్ తిరగడం లేదు!"

మాస్టారు దిగి చూశారు. అక్కడ జరిగేది చిన్న సంగతే. ఇంజన్ బెల్టుతో ఒక చక్రం ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. దాని ముందు ఇనుప ప్లేటు ఒకటి ఊరికే నిలబడి ఉంటుంది. ఏసీ బటన్ నొక్కితే లోపలున్న అయస్కాంతానికి కరెంటు అందుతుంది, అది ప్లేటును లాగి చక్రానికి అంటిస్తుంది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతుంది, అప్పుడే చల్లగాలి. ఇప్పుడు కరెంటు వస్తోంది, ప్లేటు మాత్రం కదలడం లేదు. గ్యాసు ఒక కర్ర తీసి, తిరిగే భాగాలకు తగలకుండా జాగ్రత్తగా ప్లేటును కొద్దిగా నెట్టాడు. 'టక్'మని అతుక్కుంది. కారు లోపలినుంచి "చల్లగా వస్తోంది!" అని అత్తగారి కేక.

"అంటే అయస్కాంతం బలం చాలడం లేదు. వేడెక్కితే ఇంకా నీరసిస్తుంది," అన్నాడు కరెంటు, మాస్టారితో. "కానీ అయస్కాంతం చుట్టూ ఉండే తీగచుట్ట, ఆ కాయిల్, కొత్తదే. ఎనిమిది నెలల కిందట నేనే మార్చాను."

"అయస్కాంతం మంచిదైతే ప్లేటు దూరంగా ఉండాలి," అన్నాడు గ్యాసు, మాస్టారితో. "కానీ మర్నాడు బేరింగు మార్చి ప్లేటు బిగించింది నేనే. సరిగ్గానే పెట్టాను."

ఎనిమిది నెలల కిందటంటే మాస్టారికి గుర్తుంది. రోజూ ఆస్పత్రికి తిరుగుతున్న రోజులు. బండి రెండు రోజుల్లో కావాలని ఇక్కడ బతిమాలారు. ఆ తరవాత చలికాలం, ఏసీ వెయ్యలేదు. ఆ తరవాత కారు చాలా రోజులు గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. ఈ వేసవిలో దాన్ని దూరప్రయాణానికి తీయడం ఇదే మొదలు.

"విప్పండి," అన్నారు.

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, విప్పారు. గ్యాసు ప్లేటు బయటికి తీశాడు. వెనకాల గొట్టంలాంటి చోట గ్రీజు నల్లగా పేరుకుని ఉంది. గోటితో గీరాడు. గోరంత పల్చటి వాషరు ఒకటి ఊడి అరచేతిలో పడింది. సరేననుకుని ప్లేటు పక్కన పెట్టబోతుంటే, అదే గ్రీజులోంచి ఇంకొకటి జారి నేల మీద, సరిగ్గా పసుపు గీత మీద, పడింది.

మాస్టారు వంగి దాన్ని తీశారు.

"ఇక్కడ ఒక్కటే కదా ఉండాలి? రెండైతే ప్లేటు అయస్కాంతానికి దూరమైపోదూ?" అన్నారు మాస్టారు.

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళ నాన్న పని నేర్పేటప్పుడు ఒక నియమం పెట్టాడు. విప్పిన చేత్తో పాత వాషరు పారేసి కొత్తది వెయ్యాలి, వెయ్యకుండా మూయకూడదు. స్పానరు దగ్గర చెడినా, ఆ నియమం ఇద్దరూ తప్పలేదు.

"నువ్వు వేశావా?" అన్నాడు తమ్ముడు. మాస్టారితో కాదు.

"వెయ్యనా మరి? నాన్న చెప్పింది నేను మరిచిపోతానా?" అన్నాడు అన్న. వాడూ మాస్టారితో కాదు. "నువ్వెందుకు వేశావు?"

"నాకు కనపడలేదు! గ్రీజులో కూరుకుపోయింది. అన్న వాషరు మరిచిపోయాడు, పోనీలే అని వేశాను."

"మరిచిపోయాననుకున్నప్పుడు నోరు తెరిచి ఓ మాట అడగలేకపోయావా?"

"ఎవర్ని అడగను? నీతో మాట్లాడితే కదా!"

"మాట్లాడనని నేనన్నానా? నువ్వన్నావు!"

"స్పానరు దాచింది ఎవరు?"

"నేను దాచానా? వెధవా!"

"ఇదిగో, మాస్టారి ముందు నన్ను వెధవ అంటున్నావు!"

"మాస్టారే నిన్ను ఫెయిల్ చేశారు, నేనంటే తప్పా?"

మూడేళ్ళుగా దాచిపెట్టుకున్న తిట్లన్నీ మూటలు విప్పుకున్నట్టు బయటికొచ్చాయి. ఆ గొడవలో మాస్టారి పని ఏమీ లేదు. ఆయన అలవాటుగా, "మీ అన్నయ్య ఉద్దేశం ఏమిటంటే..." అని మొదలుపెట్టారు.

"మీరుండండి మాస్టారూ!" అన్నారిద్దరూ ఒకేసారి.

తిట్టుకుంటూనే పని చేశారు. ఒక వాషరు పారేశారు, ఒకటి ఉంచారు. పల్చటి రేకుతో సందు కొలిచారు. "గోరంత ఉండాలి" అని అన్న, "నాకు చెప్పకు, నాకు తెలుసు" అని తమ్ముడు. ఒకడు పట్టుకుంటే ఇంకొకడు బిగించాడు. బిగించినంతసేపూ ఒకరి పుట్టుక గురించి ఒకరు అనుమానాలు వెలిబుచ్చుకున్నారు, ఇద్దరికీ తల్లి ఒక్కతేనన్నది గుర్తులేనట్టు. అత్తగారు కారు దిగి వచ్చి, చేతులు నడుము మీద పెట్టుకుని, సినిమా చూసినట్టు చూసింది.

మళ్ళీ ఇంజన్ పెట్టారు. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. బానెట్ రేకు మీద చెయ్యి పెడితే కాలుతోంది. గాలి మాత్రం చల్లగా, నిలకడగా వస్తూనే ఉంది. నలభై అయిదు నిమిషాలు దాటాక కరెంటు మీటరు తీసేశాడు.

"ఇక దేశం చుట్టి రండి మాస్టారూ. తప్పు మాదే. ఏమీ ఇవ్వక్కర్లేదు."

"తప్పు వాడిది," అన్నాడు గ్యాసు.

*

మాస్టారు కారును షెడ్డులోంచి వెనక్కి తీసి, రోడ్డు పక్కన ఆపారు. అత్తగారు వెనక సీట్లో సర్దుకుంది. డిక్కీలో పెట్టెలు అలాగే ఉన్నాయి. చిన్న కూతురి ఊరికి పోవాలంటే ఎదురుగా పోవాలి. ఇంకా సాయంత్రం కాలేదు. ఇప్పుడు బయలుదేరినా చీకటి పడేలోగా చేరతారు. ఎండ నెపం లేదు. ఏసీ నెపం లేదు.

ఆయన ఇంజన్ ఆపలేదు. ముందుకు పోనివ్వనూ లేదు.

"అత్తయ్యగారూ."

"ఊఁ."

"వెళ్ళకండి."

బోర్డు మీద రాసుకున్న వాక్యం ఇది కాదు. దానికంటే ఒక మాట తక్కువ, కాస్త గరుకు కూడా. అయినా బయటికి వచ్చింది.

"ఎందుకు?"

"అంటే..."

"జవాబు ఒక్కటి రాస్తే మార్కులు వెయ్యరట కదా మీరు. దారి చూపించాలట. సెలవులకు వచ్చినప్పుడల్లా చిన్నదాని కొడుకు ఏడ్చేవాడు."

మాస్టారు కుండ అడుగున చెయ్యి పెట్టి దేవుకున్నట్టు మాటలు దేవుకున్నారు. "మీరు కుక్కర్‌తో మాట్లాడుతుంటే పక్క గదిలో నేను వింటూ ఉంటాను. జవాబులు కూడా అనుకుంటాను. పైకి అనను. మీరు వెళ్ళిపోతే... ఇంట్లో కష్టంగా ఉంటుంది."

"కుక్కర్‌కా?"

"నాకు."

ఆవిడ చేతిసంచిలోంచి ఫోన్ తీసింది. కళ్ళకు దూరంగా పట్టుకుని, ఒక్కో అంకె గట్టిగా నొక్కింది.

"ఏమే. ఈ వేళ రావడం లేదు. కారులో ఏసీ పాడైంది... ఆఁ, బాగుచేయించడానికి పొద్దుటినుంచీ ఇక్కడే పడి ఉన్నాం. కుదరలేదు. ఒకటే వేడిగాలి." అంటూనే ఆవిడ చలికి కొంగు భుజాల నిండా కప్పుకుంది. "నమ్మవేం? అమ్మ అబద్ధాలు చెబుతుందా?... ఇదిగో, మీ బావగారినే అడుగు."

ఫోన్ ముందు సీటుకు వచ్చింది. అబద్ధమాడిన పిల్లలచేత వందసార్లు గుంజిళ్ళు తీయించిన మనిషి దాన్ని నిప్పులా పట్టుకున్నారు.

"నిజమేనా బావగారూ?" అంది మరదలు. "ఏసీ బాగవలేదా?"

చల్లగాలి ఆయన వేళ్ళను కొంకర్లు తిప్పుతోంది. "ఇంకా... పరీక్షించాల్సి ఉందమ్మా."

"ఎన్నాళ్ళు పడుతుందట?"

ఆయనకు తోచలేదు. వెనకనుంచి ఆవిడ నేరుగా ఆయన చెవిలో అంది: "వేసవంతా అని చెప్పండి."

"వేసవంతా పట్టేట్టుందమ్మా."

"ఆహాఁ," అంది మరదలు. అక్కకు చెల్లెలే కదా. "అయితే జాగ్రత్తగా పరీక్షించండి. నేనే వచ్చి చూసిపోతాలెండి."

మాస్టారు ఫోన్ వెనక్కి ఇచ్చేశారు. కారు తిప్పి, ఇంటివైపు మళ్ళించారు.

"అబద్ధం కూడా సరిగ్గా చెప్పడం రాదు మీకు," అంది ఆవిడ. "పరీక్షించాలట, పరీక్షించాలి. బళ్ళో పాఠమా అది?"

"మీరు చెప్పిందే వేరు కదండీ. చలికి వణుకుతూ వేడిగాలి అన్నారు. మీ పళ్ళు కొట్టుకోవడం మీ చిన్నమ్మాయికి ఫోన్‌లో వినపడి ఉంటుంది."

ఇంత ముక్కుసూటిగా ఇరవై ఏడేళ్ళలో ఆయన ఎవరితోనూ అనలేదు. అన్నాక గతుక్కుమని అద్దంలో చూశారు. ఆవిడ పెదవి విరిచి ఉంది, కానీ కోపంగా లేదు.

"అయితే అది తగ్గించండి మరి. గడ్డకట్టి చచ్చేట్టున్నాను."

"అయిదు గంటలు నిలబడి బాగుచేయిస్తే, అయిదు నిమిషాలు కూర్చోలేరా?"

"లేను."

మాస్టారు నాబ్‌ను ఒక్క గీత వెనక్కి తిప్పారు.

"ఇంకో గీత," అంది ఆవిడ.